ఒకటి ఆపు, రెండు దించు

ఈదయ్య నాతో అబద్ధం చెప్పడం లేదని పది నిమిషాల్లోనే అర్థమైంది. చిక్కల్లా ఏమిటంటే, అతను నిజం కూడా పూర్తిగా చెప్పడం లేదు.

స్టేషన్ లాకప్‌లో ఊచల అవతల గొంతుక్కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి. చొక్కా నిండా సిమెంటు మరకలు ఎండిపోయి ఉన్నాయి. మహబూబ్‌నగర్ వైపు నుంచి పనికి వచ్చి, అశోక్‌నగర్‌లో కడుతున్న ఒక బిల్డింగు దగ్గర లిఫ్టు నడుపుతున్నాడు. మనుషులెక్కే లిఫ్టు కాదు, ఇటుకలూ సిమెంటూ పైకి లాగే ఇనుప పలక. నిన్న పొద్దున నాలుగో అంతస్తులో ఆ పలక మీద ఒక కాలు పెట్టిన కిషన్ రావు, రెండో కాలు పెట్టేలోపు అది కిందికి జారిపోవడంతో పడి చచ్చిపోయాడు. కిషన్ రావు ఆ బిల్డింగు ఓనరు, దాని పక్కనున్న కోచింగ్ సెంటరుకూ ఆయనే ఓనరు. పలకను దించింది ఈదయ్య. సాయంత్రం అతన్ని ఖూనీ కేసులో మేజిస్ట్రేట్ ముందు నిలబెడతారు.

నా పేరు త్రివేణి. చిక్కడపల్లిలో ఒక టిఫిన్ సెంటరు పైన నా డిటెక్టివ్ ఏజెన్సీ ఉంది. డిటెక్టివ్ అంటే పెద్దగా ఊహించుకోకండి, నా దగ్గరికొచ్చే వాటిలో ముప్పాతిక పెళ్ళికొడుకుల గురించి వాకబులే. అంతకుముందు పన్నెండేళ్ళు కోఠిలో ఒక చెవుల డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేశాను. పొద్దున్నే ఈదయ్య భార్య కురుమమ్మ వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా గడపలోనే నిలబడి చెప్పింది.

"ఆయనకు కోపమొస్తె అన్నం తినుడు బంద్ జేస్తడక్కా. గంతకన్న ఏం చాతగాదు. గసుంటోడు ఖూనీ జేస్తడా?"

నాకు ఆ మాట ఏ జామీను కంటే గట్టిగా అనిపించింది. చెప్పులేసుకుని బయల్దేరాను.

పోలీసుల లెక్క తేలిగ్గానే ఉంది. కట్టుబడి దగ్గర మిక్సర్ తిరుగుతుంటే పైనుంచి అరిచినా కిందికి వినబడదు. అందుకని పైనున్న మేస్త్రి రాఘవేందర్ లిఫ్టు స్తంభాన్ని చువ్వతో కొడతాడు. ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే దించు. నిన్న తాను ఒక్కటే కొట్టానని రాఘవేందర్ అంటున్నాడు. ఒక్కటే విన్నామని మిగతా కూలీలందరూ అంటున్నారు. ఈదయ్య మాత్రం ముందు ఒకటి, కాసేపటికి రెండు విన్నానంటున్నాడు. మొన్న అతను పనివేళ స్తంభానికి ఆనుకుని నిద్రపోతున్నాడని కిషన్ రావు అందరి ముందూ చెంపదెబ్బ కొట్టాడు. ఆ చెంపదెబ్బ పగ అయింది, ఈ రెండు దెబ్బలు బొంకయ్యాయి. ఇన్స్‌పెక్టర్ ధర్మారావుకు ఇంతకంటే ఏం కావాలి?

నేను ఏదడిగినా ఈదయ్య ఇంకోదానికి జవాబు చెప్పాడు. మొన్న కిషన్ రావు నిన్నేమని తిట్టాడంటే, పొద్దున స్టేషన్‌లో చాయ్ ఇచ్చారన్నాడు. గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్ నవ్వి, వీడు పైకి కనిపించేంత అమాయకుడు కాదని నాకు సలహా ఇచ్చాడు. నేను మాటల కంటే ఆ గొంతునే ఎక్కువ గమనిస్తున్నాను. అది మరీ మెల్లగా ఉంది. చెవుడున్నవాళ్ళు గట్టిగా అరుస్తారని లోకం అనుకుంటుంది. అందరూ కాదు. కొందరికి లోపలి నరం బాగానే ఉంటుంది, గాలిలో వచ్చిన శబ్దాన్ని లోపలికి చేర్చే దారే చెడిపోతుంది. అలాంటివాళ్ళకు తమ గొంతు తమ తలలో మోగుతూ ఉంటుంది కాబట్టి గుసగుసల్లో మాట్లాడతారు.

సంచీలోంచి శ్రుతిదండం తీశాను. రెండు కొమ్ముల ఉక్కు ముక్క, కొడితే సన్నగా మోగుతుంది. పాత ఉద్యోగంలోంచి నేను తెచ్చుకున్నది అదొక్కటే. అరచేతి అంచు మీద కొట్టి అతని చెవి ముందు పెట్టాను. కొమ్ములు వణుకుతూ గాలిని తోస్తున్నాయి, ఆ తోపులే శబ్దం. ఈదయ్య ముఖంలో చలనం లేదు. మళ్ళీ కొట్టి, ఈసారి కాడను అతని చెవి వెనక ఎముకకు ఆనించాను.

అతను ఉలిక్కిపడి నా వైపు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు. దొరికిపోయిన దొంగ కూడా అంత సిగ్గుపడడు.

ఇక ఈ సంగతి గట్టిగా మాట్లాడితే కానిస్టేబుల్ వింటాడు. అందుకని ఊచకు తల ఆనించమని ఈదయ్యకు సైగ చేసి, అదే ఊచకు నా గడ్డం గట్టిగా అదిమి మెల్లగా మాట్లాడాను. చూసేవాళ్ళకు ఇద్దరు పిచ్చివాళ్ళలా ఉండి ఉంటాం. ఎప్పటి నుంచి అని అడిగాను.

"మూడేండ్లాయె. ఎవలకు చెప్పకమ్మా. చెవిటోనికి లిఫ్టు ఎవలిస్తరు?"

"కురుమమ్మకు కూడ తెల్వదా?"

"తెల్వది. పిలిస్తె పలకకుంటె పొగరనుకుంటది. గట్లనే అనుకోనీ."

స్తంభానికి ఆనుకునేది నిద్ర కోసం కాదన్నాడు. దవడ ఆనిస్తే ఇనుము అన్నీ చెబుతుందట. మిక్సర్ గురగుర ఒక పక్క ఉన్నా, పైనుంచి పడే దెబ్బ దాంట్లోంచి తేటగా వస్తుందట. అతను వినే మాట చెవిలోంచి పోవడం లేదు, బొక్కలోంచి, అంటే ఎముకలోంచి పోతోంది. ఎవరూ నేర్పకుండా తనకు తానే ఈ దారి వెతుక్కుని, ఉద్యోగం నిలుపుకున్నాడు. కిషన్ రావు దాన్ని కునుకనుకుని కొట్టాడు.

నిన్నటి దెబ్బల గురించి అడిగాను. కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాడు.

"ముందు రాఘవేందర్ దెబ్బ. అది నాకు ఎర్కే, మోటుగుంటది. ఆపిన. జర సేపటికి రెండు పడ్డయి. అవి మోటుగ లేవు. సన్నగ, పళ్ళెం మీద గంటె కొట్టినట్టు. రెండంటె దించుడే గదా అని దించిన."

చెవుడు సంగతి ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఇచ్చాక ఆ మాట ఎంత బరువో తెలిసింది. అతన్ని కాపాడాలంటే అతను ఎలా వింటాడో చెప్పాలి. అది చెబితే చెవిటివాడు లిఫ్టు నడిపి మనిషిని చంపాడంటారు, కేసు అక్కడితో మూసేస్తారు. అతను విన్న రెండు దెబ్బలే ఈ కేసులో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం. అవి ఎవరు కొట్టారో తేలేవరకు నోరు విప్పకూడదని నిశ్చయించుకున్నాను.

బయటికి వస్తుంటే ధర్మారావు ఎదురయ్యాడు. కిందటేడు ఒక పెళ్ళిళ్ళ మోసగాణ్ణి నేను అతనికంటే ముందు పట్టుకున్నాను. పేపర్లో నా ఫొటో వచ్చింది, ఆయనది రాలేదు. అప్పటి నుంచి నన్ను చూస్తే ఆయనకు పంటి కింద రాయి పడ్డట్టే ఉంటుంది.

"ఏంది మేడమ్, పెండ్లి సంబంధాలు తక్కువైనయా?" అన్నాడు.

ఈదయ్య చెప్పిన రెండు దెబ్బల్ని ఎవరైనా పరీక్షించారా అని అడిగాను. తొమ్మిదిమంది ఒకటంటుంటే ఒక్కడు మూడంటే ఎవరి మాట పట్టుకోవాలో చెప్పమన్నాడు. తొమ్మిదిమంది చెవులూ ఒకేచోట లేవేమో అన్నాను. ఆయనకు అది వెటకారంగా వినిపించింది. మూడు గంటలకు ముద్దాయిని కోర్టుకు పంపుతున్నానని, ఆ లోపల నా చెవులు ఎక్కడ పెట్టుకుంటానో నా ఇష్టమని చెప్పి లోపలికి పోయాడు. ఆటోలో కూర్చున్నాక కూడా నా ఒళ్ళు మండుతూనే ఉంది. నారాయణగూడ చౌరస్తాలో సిగ్నల్ పడితే దిగి మిగతా దూరం నడిచేశాను.

కట్టుబడి దగ్గర పోలీసులు సీలు వేయడంతో పని ఆగిపోయి ఉంది. కూలీలు నీడన కూర్చున్నారు. రాఘవేందర్ ముప్పై ఏళ్ళవాడు, ఏడ్చిన కళ్ళు. ఈదయ్యది తన ఊరి పక్క ఊరేనని, అతని మీద సాక్ష్యం చెప్పాలని తనకు లేదని, కానీ ఒక్కటి కొట్టి రెండు కొట్టానని ఎలా చెప్పేదని అడిగాడు. నిజమే చెప్పమన్నాను. కిషన్ రావు రోజూ పదకొండున్నర ప్రాంతంలో పై అంతస్తులు చూసి, మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లు దిగలేక లిఫ్టు మీదే దిగేవాడట. వద్దన్నా వినేవాడు కాదట. ఈ అలవాటు ఈ గల్లీలో ఎవరికి తెలుసంటే, తెలియనిదెవరికని నన్నే తిరిగి అడిగాడు.

రాఘవేందర్‌ను నాలుగో అంతస్తుకు పంపి, నేను ఈదయ్య కూర్చునే చోట కూర్చుని స్తంభానికి దవడ ఆనించాను. కూలీలు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. మొదట మామూలుగా కొట్టమన్నాను. గాలిలోనూ ఖంగుమంది, నా పళ్ళల్లోనూ ఖంగుమంది. తర్వాత చువ్వకు తువ్వాల చుట్టి మెల్లగా కొట్టమన్నాను. పక్కనున్న కూలీలను అడిగితే ఏమీ వినలేదన్నారు. నా దవడకు మాత్రం ఎవరో తలుపు తట్టినట్టు స్పష్టంగా తెలిసింది.

అంటే ఆ రెండు దెబ్బలు కొట్టినవాడికి బలం అక్కర్లేదు. ఈ ఇనుముతో కలిసిన ఇనుము ఏదో ఒకటి చేతికి అందితే చాలు.

స్తంభం వెంబడి పైకి చూస్తూ పోయాను. మూడో అంతస్తు ఎత్తులో ఒక చువ్వ స్తంభం నుంచి పక్కకు పోయి, ఇరుకు సందు దాటి, పాత బిల్డింగు కిటికీ గ్రిల్‌కు వెల్డింగ్ అయి ఉంది. స్తంభం ఊగుతుంటే కాంట్రాక్టరు అలా కట్టించాడని కిందికి దిగొచ్చిన రాఘవేందర్ చెప్పాడు. రెండు బిల్డింగులకూ ఓనరు ఒకడే కాబట్టి అడిగేవాళ్ళు లేరు. గ్రిల్‌కు బయటి వైపు అద్దం తలుపులు బిగించి ఉన్నాయి, చువ్వ కోసం అద్దానికి చిన్న గాటు పెట్టి చుట్టూ బంకమట్టి అతికించారు. ఆ గది కోచింగ్ సెంటరు వాళ్ళ ఆన్‌లైన్ క్లాసుల స్టూడియో అట.

బోర్డు మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. శ్రీదివ్య అనే అమ్మాయి ఎత్తింది, వీడియోలు తీసి ఎడిట్ చేసేది తనేనంది. స్టూడియో తలుపులన్నీ వేసి కిటికీ చువ్వను తాళంచెవితో రెండుసార్లు తట్టమని అడిగాను. ఎందుకని అడగకుండా తట్టింది. ఆ వయసులో అంత మర్యాద ఈ రోజుల్లో అరుదు.

మళ్ళీ స్తంభానికి దవడ ఆనించి ఉన్నాను, సన్నగా రెండు చప్పుళ్ళు నా ఎముకలోకి వచ్చాయి. అచ్చం పళ్ళెం మీద గంటె కొట్టినట్టు. చుట్టూ కూర్చున్న తొమ్మిదిమందిలో ఒక్కరికీ ఏమీ వినబడలేదు.

అప్పుడే వెనకనుంచి జీపు చప్పుడు, దాంతోపాటు ధర్మారావు గొంతు వినిపించాయి. సీలు వేసిన చోటికి నేను వెళ్ళానని ఎవరో ఆయనకు ఊదినట్టున్నారు. ఈదయ్యను ఎస్సైతో కోర్టుకు పంపించి నేరుగా ఇటే వచ్చాడు. సాక్ష్యాలు చెడగొడుతున్నానని నా మీదే కేసు పెడతానన్నాడు. పెట్టుకోండి, ముందు ఒక్క నిమిషం ఇక్కడ కూర్చుని దవడ ఆనించండన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కూలీలందరూ చూస్తుంటే ఇన్స్‌పెక్టరు స్తంభాన్ని కౌగిలించుకుంటాడా?

"మీకు ఒక్కటే వినబడితే నేను ఈ కేసు వదిలేస్తాను. మళ్ళీ మీ స్టేషన్ గడప తొక్కను" అన్నాను.

ఆ బేరం ఆయనకు నచ్చింది. టోపీ తీసి, కూర్చుని, ముఖం చిట్లించుకుంటూ స్తంభానికి దవడ పెట్టాడు. శ్రీదివ్యకు మళ్ళీ ఫోన్ చేశాను. కొంచెంసేపటికి ధర్మారావు కనుబొమలు పైకి లేచాయి. లేచి బుగ్గకంటిన తుప్పు తుడుచుకున్నాడు.

"రెండు. యాడికెల్లి వచ్చినయి?"

చెయ్యెత్తి కిటికీ చూపించాను. ఆయన మారుమాట లేకుండా నా కంటే ముందు మెట్లెక్కాడు. మనిషి మొండివాడే గానీ, విన్నదాన్ని వినలేదనే రకం కాదు.

స్టూడియో గోడలకు, తలుపుకు మందంగా స్పాంజి అతికించారు. లోపలి మాట బయటికి పోదు, బయటి చప్పుడు లోపలికి రాదు. నిన్న పదకొండున్నరకు ఇక్కడ ఎవరున్నారని అడిగితే, లైవ్ క్లాసు జరిగిందని శ్రీదివ్య చెప్పింది. ఫిజిక్స్ చెప్పే సుమంత్ సారు క్లాసట. గ్రూప్స్ రాసే పిల్లలు రెండువేల మందికి పైగా చూశారట. సారు ఇప్పుడెక్కడున్నారంటే, పొద్దున్నే ఏదో పనుందని వెళ్ళారంది. నిన్నటి పాఠమేమిటని అడిగాను.

"ధ్వని, మేడమ్. ఘనపదార్థాల్లో ధ్వని ఎట్ల పోతదనేది. కిటికీ చువ్వను కొట్టి గూడ చూపించిండు సారు."

ధర్మారావు కుర్చీ లాక్కుని ముందుకు కూర్చున్నాడు.

వీడియోలో సుమంత్ నలభై లోపు మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో స్టీలు స్కేలు. ఒకటి ఒప్పుకోవాలి, పాఠం బ్రహ్మాండంగా చెబుతాడు. ఆదివారం సుల్తాన్ బజార్‌లో కిక్కిరిసిన జనాన్ని ఊహించుకోమన్నాడు. ఒక కొస నుంచి ఎవడో తోస్తే ఆ తోపు రెండో కొస దాకా పోతుంది, కానీ తోసినవాడు మాత్రం ఉన్నచోటే ఉంటాడు. మనిషి పోడు, తోపు పోతుంది, అదే తరంగం అన్నాడు. గాలిలో అణువులు ఎడంగా, వదులుగా ఉంటాయి, ఇనుములో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. అందుకే గాలిలో కంటే ఇనుములో శబ్దం సుమారు పదిహేను రెట్లు వేగంగా పోతుందని, దారిలో అంత తొందరగా చెదిరిపోదని చెప్పాడు. చెబుతూ చెబుతూ కిటికీ దగ్గరికి నడిచాడు.

"ఇప్పుడు నేను ఈ చువ్వను కొడతాను. ఈ గదిలో ఉన్నవాళ్ళకు గాలిలో వినిపిస్తుంది. ఈ చువ్వకు ఆ కొసన చెవి పెట్టినవాడికి..."

అక్కడ ఆగాడు. స్కేలు గాలిలో పట్టుకుని అద్దంలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. పాఠం చెప్పేవాడు వాక్యం మధ్యలో అంతసేపు ఆగడు. పక్కన పిల్లల మెసేజీలు జారుతున్నాయి, సార్ నెట్ ఆగిందా, సార్ వీడియో ఆగిందా అని. ఆగింది నెట్ కాదు. తర్వాత స్కేలు రెండుసార్లు చువ్వ మీద పడింది. సుమంత్ వెంటనే కిటికీకి వీపు తిప్పి, "ఇంకా బాగా వినిపిస్తుంది" అని వాక్యం ముగించి బోర్డు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత క్లాసు అయ్యేవరకు ఒక్కసారి కూడా అటు చూడలేదు.

శ్రీదివ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండువేల మంది కళ్ళెదుట, పాఠం పేరుతో ఒక మనిషిని కిందికి తోశాడు. పిల్లలు దాన్ని చూసి నోట్సు రాసుకున్నారు.

కిషన్ రావుకూ సుమంత్‌కూ మధ్య ఎలా ఉండేదని శ్రీదివ్యను అడిగాను. సెంటరు సుమంత్ పేరు మీదే నడిచిందని, కానీ కొత్త బిల్డింగు తెరిచాక ఢిల్లీ నుంచి వేరే సార్లను తెచ్చి ఇతన్ని మానిపిస్తానని కిషన్ రావు పోయిన నెల అందరి ముందే అన్నాడని చెప్పింది. సుమంత్ అప్పుడు నవ్వి ఊరుకున్నాడట.

ధర్మారావు వీడియోను మళ్ళీ పెట్టించుకుని చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, కింద అంతమంది ఉంటే ఈ దెబ్బలు ఈదయ్య ఒక్కడికే ఎందుకు వినబడ్డాయో ఇప్పుడైనా చెప్పమన్నాడు. ఇక దాచి లాభం లేదు. కొట్టినవాడెవడో తేలింది కాబట్టి చెప్పాను. ఈదయ్యకు గాలిలో వచ్చేది వినబడదు, స్తంభానికి దవడ ఆనించి ఎముకతో వింటాడు.

"చెవిటోడా? ఇంకేంది, తప్పు విన్నడు."

"చెవుడున్నోడు తక్కువ వింటడు సార్, ఎక్కువ వినడు. పడని దెబ్బలు వానికెట్ల వినిపిస్తయి?"

ఆయన లేచి గది ఆ మూల నుంచి ఈ మూలకు నడిచాడు. కోపం నా మీద కాదని తెలుస్తోంది.

"సరే, సుమంతే కొట్టిండు. పాఠం కోసం కొట్టిన అంటడు. కింద ఒకడు దవడ ఆనించుకొని కూసున్నడని ఆయనకు తెల్సా? ఈదయ్య చెవిటోడని పెండ్లాంకే తెల్వదంటివి. సుమంత్‌కు తెల్సని చూపియ్యి. చూపియ్యకపోతె ఇది ఖూనీ గాదు మేడమ్, కర్మ. ఏ కోర్టుల నిలవడదు."

సుమంత్ ఈ కిటికీలోంచి రోజూ ఈదయ్యను చూసి ఉంటాడు. అందరికీ కునుకులా కనిపించింది, ఫిజిక్స్ చెప్పేవాడికి మాత్రం వినికిడిలా కనిపించి ఉంటుంది. నాకది తెలుసు. తెలియడం వేరు, చూపించడం వేరు. కోర్టులో ఈపాటికి పిలుపు కోసం కూర్చోబెట్టి ఉంటారు. నేను ఓడిపోతే ఈదయ్య ఎన్నేళ్ళు లోపలుంటాడోనని భయమేసింది, ఆ భయానికి నామీద నాకే చిరాకేసింది.

అప్పుడు నా ఫోను మోగింది. కురుమమ్మ. స్పీకర్ పెట్టాను. వెనకాల కోర్టు వరండా రొద.

"అక్కా, ఒక మాట అడుగుత. అబద్ధం చెప్పకు. మా ఆయన చెవిటోడా?"

ధర్మారావు నడక ఆగిపోయింది.

నేను జవాబిచ్చేలోపే ఆమె చెప్పుకుపోయింది. పక్క బిల్డింగు సుమంత్ సారు పుణ్యాత్ముడట, పైసా అడగకుండా వకీలును తీసుకుని తనే వచ్చాడట. ఈదయ్యకు చెవుడున్నదని, అందుకే పైనుంచి కొట్టింది తప్పుగా విన్నాడని మేజిస్ట్రేట్ ముందు ఒప్పుకుంటే ఖూనీ కేసు పోయి చిన్న కేసు అవుతుందని చెబుతున్నారట.

"మూడేండ్ల సంది పలుకుతలేవని తిట్టిన అక్కా. అన్నం గూడ ముంగట ఇసిరేసిన. నాకే తెల్వనిది గా సారుకెట్ల తెల్సింది?" ఆమె ఏడుస్తోంది.

ధర్మారావు నన్ను చూశాడు. ఎవరెవరికి చెప్పానని అడిగాడు. మీకొక్కరికే, ఇప్పుడేనన్నాను. ఆయన అప్పటి నుంచి నా పక్కనే ఉన్నాడు, ఫోను ముట్టలేదు. ఆయనకు కావలసిన రుజువును సుమంత్ తన చేతులారా వకీలుతో సహా కోర్టుకు మోసుకెళ్ళాడు. కానీ పిలుపు రాగానే ఈదయ్య నోటితోనే ఆ రెండు దెబ్బలు చెరిగిపోబోతున్నాయి. తప్పు విన్నానని అతనే అంటే, అవి లోకంలో పడనట్టే.

"కురుమమ్మా, ఆయన ఒప్పుకున్నడా?"

"వకీలు ఏమడిగినా సరే అన్నట్టు తల ఊపుతుండు. నేను వద్దంటె ఇంటలేడు. ఇనవడ్తలేదు గదా ఆయనకు."

"ఫోను స్పీకర్ పెట్టి ఆయన చెవి వెనకాల బొక్కకు గట్టిగ ఆనించు. చెవికి గాదు, వెనకాల. గట్టిగ ఒత్తు."

గుడ్డ రాసుకున్న చప్పుడు, ఎవరిదో గదమాయింపు, తర్వాత రొద మూసుకుపోయినట్టయింది. ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను.

"ఈదయ్యా, నేను త్రివేణిని. నువ్వు తప్పు వినలే. రెండు దెబ్బలు పడ్డయి. కొట్టినోడు దొరికిండు. తప్పు విన్ననని అనకు. ఏం అడిగినా నోరు తెరవకు."

తర్వాత మెల్లగా, ఆ గుసగుస గొంతు వచ్చింది.

"ఇనవడ్డదమ్మా. నేను తప్పు ఇనలేదా? నిజంగనా?"

"నిజంగ."

ఫోను చేతులు మారిన చప్పుడు వచ్చింది. వద్దు సారూ, నా ఫోను ఇయ్యి అని కురుమమ్మ అంటోంది. మాట్లాడింది నేను ఇంతకుముందే వీడియోలో విన్న గొంతు, అదే నెమ్మది, అదే స్పష్టత.

"ఎవరండీ మీరు? ఫోను చెవికి కాకుండా ఎముకకు పెట్టమని మామూలు మనుషులు చెప్పరు."

అతను పాఠం మధ్యలో ఆగినంతసేపు ఆగాడు.

"అయితే మీకు అర్థమైంది. ఇతను నా పక్కనే ఉన్నాడు మేడమ్. మేజిస్ట్రేట్ అడిగితే ఇతని చేత తల ఊపించేది నేను" అన్నాడు.

లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్ వచ్చింది. ధర్మారావు అప్పటికే ఎస్సైకి ఫోన్ కలుపుతూ మెట్లు దిగుతున్నాడు. ఎస్సై ఎత్తడం లేదు.